దాచావు సరే, ఎక్కడ?

"పిన్నీ, ముందు ఆ ఏడుపు ఆపు. ఒక్క మాట చెప్పు. అది ఎక్కడ సేవ్ చేశావు?"

ఫోన్లో మా అక్క కూతురు అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది.

"ఇక్కడే. కంప్యూటర్లోనే."

"కంప్యూటర్లో అంటే ఎక్కడ? ఏ ఫోల్డర్లో?"

"ఫోల్డరేమిటే? నెట్‌లో రాశాను. సైటు తెరిచినప్పుడల్లా అక్కడే కనిపించేది."

అటువైపు నుంచి కాసేపు మాట లేదు. రిపోర్టు చేతిలోకి తీసుకున్న డాక్టరు నోరు విప్పేముందు ఒక్క క్షణం ఆగుతాడే, అలాంటి మౌనం. "అయితే అది ఎప్పుడూ నెట్‌లో లేదు పిన్నీ" అంది మెల్లగా. "నీ కంప్యూటర్లో ఉండేది. ఇప్పుడు అక్కడా లేదు."

ఇన్నేళ్ళుగా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో అందరికీ చెప్పే మనిషిని నేను. గ్యాస్ పుస్తకం ఎక్కడ, పిల్లాడి పుట్టిన సర్టిఫికెట్ ఎక్కడ, మావారి ఎల్.ఐ.సి. బాండ్లు ఎక్కడ అని అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పగలను. నేను రాసుకున్నది ఎక్కడుందో మాత్రం నాకు తెలీదు. అది పోయాకగానీ నాకు ఆ సంగతి తట్టలేదు.

అమ్మ చెప్పిన వరద

పోయింది కథ కాదు. కథయితే మరొకటి రాసుకుందును. పోయింది మా అమ్మ మాట.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద గురించి మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు కూడా ఆ అంకెను అందుకోలేదు. ఆ ఏడు మా అమ్మ కోనసీమలో ఒక లంక ఊళ్ళో ఉంది. చంకలో మూడేళ్ళ మా అక్క. కడుపులో నాలుగో నెలలో నేను.

2024 వేసవిలో అమ్మ మా ఇంటికి వచ్చి నెల్లాళ్ళుంది. రాత్రి వంటిల్లు సర్దేశాక నేను భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. అమ్మ ఎదురుగా కూర్చుని మర్నాటికి గోరుచిక్కుళ్ళు తుంచుతూ చెప్పేది. గట్టు తెగిందని అర్ధరాత్రి కేక వినబడటం, నాన్న గొడ్ల పలుపులు కోసి వదిలేయడం, ఊరంతా బడి మేడ మీదికెక్కడం... అన్నీ ఆమె మాటల్లోనే టైపు చేశాను. పదకొండు రాత్రులు పట్టింది.

ఆ చెప్పడంలో ఒక ట్రంకు పెట్టె ఉంది. అందులో అమ్మ పెళ్ళిచీర, నాన్న రాసిన ఉత్తరాలు, మా అమ్మమ్మ తన చేత్తో రాసిచ్చిన పెళ్ళిపాటల పుస్తకం ఉండేవి. నీళ్ళు తీశాక పెట్టె దొరికింది గానీ పుస్తకం ముద్దయిపోయిందిట. "అన్నీ ఒక్క పెట్టెలోనే పెట్టానే. ఒక్క పెట్టెలోనే" అని అమ్మ రెండుసార్లు అంది. నేనూ రెండుసార్లూ టైపు చేశాను.

ఒక పడవాయన కూడా ఉన్నాడు. మూడోరోజు వచ్చి, అమ్మనీ అక్కనీ మేడ మీంచి దింపి గట్టుకి చేర్చాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. ఆయన పేరూ ఇంటిపేరూ అమ్మ చెప్పింది. రాసుకున్నాను.

ఆ డిసెంబరులో అమ్మకి పక్షవాతం తగిలింది. చిన్నదే. చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది, మాటా తిరిగొచ్చింది. పేర్లు మాత్రం జారిపోతున్నాయి. నన్ను అక్క పేరుతో పిలిచి, నాలుక కరుచుకుని నవ్వేస్తుంది.

2025 ఏప్రిల్లో ఆ రాతలకి ఒక రూపం ఇద్దామని కూర్చున్నాను. సైటు తెరిస్తే తెల్ల కాగితం!

ఆ పదకొండు రాత్రులు ఏమయ్యాయి?

నేను వాడింది తెలుగు టైపు చేసుకునే ఒక సైటు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడుతుంది. ఖాతా అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. మూసేసి మర్నాడు తెరిస్తే నిన్న రాసింది అలాగే ఉండేది. అంచేత అది ఎక్కడో భద్రంగా దాగుతోందనుకున్నాను. మీరయినా అలాగే అనుకుంటారు కదూ?

మా అక్క కూతురు చెప్పిందాన్ని నాకు తెలిసిన భాషలో చెబుతాను. ఇలాంటి సైట్లలో చాలావాటికి మనం రాసింది తమ దగ్గరికి పంపించుకునే ఏర్పాటు ఉండదు. మనం నెట్ చూసే బ్రౌజర్ ఉంటుంది కదా, ఆ క్రోమో, ఫైర్‌ఫాక్సో, అందులోనే ఒక అరలో పెట్టిస్తాయి. అదే కంప్యూటర్లో, అదే బ్రౌజర్లో, అదే సైటు తెరిస్తేనే ఆ అర తెరుచుకుంటుంది. ఫోన్లో తెరిస్తే కనబడదు. పక్క బ్రౌజర్లో తెరిచినా కనబడదు. ఇన్‌కాగ్నిటో అనే చాటు కిటికీలో రాస్తే, దాన్ని మూయగానే పోతుంది.

ఇక నా విషయానికొస్తే, "లాప్‌టాప్ నత్తలా నడుస్తోందిరా, కాస్త చూడు" అని మావాడిని పిలిచింది నేనే. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. వాడు బుద్ధిగా కూర్చుని బ్రౌజర్లో పేరుకున్నదంతా ఊడ్చేశాడు. అక్కడ వేరువేరు గళ్ళుంటాయి. బొమ్మల కాష్ ఒక్కటీ తీసేసి ఉంటే నా రాతకి ఏమీ అయ్యేది కాదు. 'కుకీలు, సైట్ డేటా' అన్న గడిలో కూడా టిక్కు పెట్టాడు. నా పదకొండు రాత్రులూ ఉన్నది ఆ గడిలోనే.

వాడి తప్పేముంది? అందులో అమ్మమ్మ ఉందని వాడికేం తెలుసు! రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు పిచ్చి వెధవ. మావారు మాత్రం పేపర్లోంచి తలెత్తి, "పోనీలే, మళ్ళీ రాసుకోవచ్చుగా" అన్నారు. కూర మాడితే మళ్ళీ వండొచ్చు. ఆయన ఫైళ్ళు పోతే ఆయన ఆ మాట అనగలరా? అడగలేదు లెండి.

మబ్బు అంటే మబ్బు కాదు

అప్పటినుంచీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా అక్క కూతురు నాకు గురువు. మొదటి పాఠం: క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ లేదు. మన ఫైళ్ళు ఏదో ఒక కంపెనీ వారి పెద్ద పెద్ద కంప్యూటర్ల భవనాల్లో ఉంటాయి. మన కంప్యూటర్ కింద పడి పగిలినా, దొంగలెత్తుకెళ్ళినా, ఇంకో ఫోన్లోంచి మన పేరూ పాస్‌వర్డూ కొట్టి తెరుచుకోవచ్చు. బ్యాంకు లాకరు లాంటిదన్నమాట. లాకరుకి లాగే నిబంధనలూ ఉంటాయి.

గూగుల్ డాక్స్‌లో రాస్తే అది నేరుగా మన డ్రైవ్‌లోకి వెళుతుంది. ప్రత్యేకంగా సేవ్ నొక్కక్కర్లేదు. కొట్టిన అక్షరం కొట్టినట్టు వెళ్ళిపోతుంది. మైక్రోసాఫ్ట్ వారి వర్డ్‌ని బ్రౌజర్లో వాడితే అది వన్‌డ్రైవ్‌లోకి వెళుతుంది. గూగుల్ వారు ఉచితంగా 15 జీబీ చోటిస్తారు, మైక్రోసాఫ్ట్ వారు 5 జీబీ, డ్రాప్‌బాక్స్ వారు 2 జీబీ.

15 జీబీ అంటే ఎంత? కథలు రాసేవాళ్ళ లెక్కలో చెబుతాను. కంప్యూటర్‌కి ఒక్కో తెలుగు గుర్తు దాచడానికి మూడు బైట్లు కావాలి. 'స్త్రీ' అని మనం ఒక్క అక్షరం రాశామనుకుంటాం. లోపల దానికి సకారం, తకారం, రేఫ, వాటిని కలిపే రెండు పొల్లులు, గుడిదీర్ఘం కలిపి ఆరు గుర్తులు. అంటే పద్ధెనిమిది బైట్లు! అయినా వారపత్రికకి పంపే ఒక మామూలు కథ ఉత్త అక్షరాలుగా అరవై, డెబ్భై కిలోబైట్లు దాటదు. ఆ లెక్కన 15 జీబీలో రెండు లక్షల పైచిలుకు కథలు పడతాయి. ఏడు జన్మలకి చాలు.

మరి చోటు చాలడం లేదని గోలెందుకు? ఆ పదిహేనూ ఒక్క రాతలకే కాదు. జీమెయిల్ ఉత్తరాలూ, గూగుల్ ఫోటోలూ, డ్రైవ్ ఫైళ్ళూ అన్నీ కలిపే అంత. 2021 జూన్ 1 నుంచి కొత్తగా రాసే డాక్స్ ఫైళ్ళూ ఆ లెక్కలోకే వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి అందులోనే పడుతోంది. ఫోన్లో తీసిన ఒక మంచి ఫోటో మూడు నాలుగు మెగాబైట్లుంటుంది. అంటే యాభై కథల చోటు! పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోల సంగతి ఇక చెప్పక్కర్లేదు. చోటు నిండిపోతే కొత్త డాక్స్ ఫైలు తెరవనివ్వదు, జీమెయిల్‌కి ఉత్తరాలు రావు. కనక నెలకోసారి అల్మైరా దులిపినట్టు ఆ వీడియోలు దులపాలి. రాతల జోలికి పోనక్కర్లేదు.

మూత వేసే ముందు

మా ఊళ్ళో కరెంటు పోతే వైఫై కూడా పోతుంది. లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. తెర వెలుగుతోంది కదా అని మనం రాసుకుంటూ పోతాం. అది మబ్బుదాకా వెళ్ళాలంటే దారి ఉండాలి కదా!

డాక్స్‌లో కాగితం పేరు పక్కన చిన్న మబ్బు బొమ్మ ఉంటుంది. రాస్తున్నప్పుడు 'సేవింగ్' అనీ, వెళ్ళాక 'సేవ్డ్ టు డ్రైవ్' అనీ అక్కడ చెబుతుంది. ఆ రెండో మాట చూడకుండా లాప్‌టాప్ మూత వేయకూడదు. గ్యాస్ కట్టేశామా లేదా అని పడుకునే ముందు ఒకసారి చూస్తామే, అలా. నెట్ లేకపోయినా రాసుకునే ఆఫ్‌లైన్ సదుపాయం కూడా ఉంది. దాన్ని నెట్ ఉన్నప్పుడే ముందుగా పెట్టి ఉంచుకోవాలి. కరెంటు పోయాక కొవ్వొత్తి కొనడానికి బయల్దేరితే ఎలా? నెట్ తిరిగి వచ్చాక ఆ రాసిందంతా దానంతటదే పైకి వెళుతుంది.

పాత ప్రతులు కూడా దాచే ఏర్పాటుంది. ఫైల్ మెనూలో 'వెర్షన్ హిస్టరీ' అని ఉంటుంది. నిన్న కొట్టేసిన పేరా ఇవాళ కావాలనిపిస్తే, నిన్నటి ప్రతికి వెళ్ళి తెచ్చుకోవచ్చు. చెత్తబుట్టలో వేసిన ఫైలు ముప్ఫై రోజులు ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే పోతుంది. అదివరకు మనం తీసేసేదాకా ఉండేది. 2020 అక్టోబరు నుంచి ఈ గడువు పెట్టారు.

తాళం చెవి అడిగితే

"నాకా పాత సైటులోనే చెయ్యి అలవాటయింది, డాక్స్‌లో రాయలేను" అనేవాళ్ళుంటారు. తప్పేం లేదు. అక్కడే రాసి, లేచే ముందు మొత్తం ఎంచుకుని, కాపీ చేసి, డాక్స్‌లో అతికించేయండి. ఫైలుగా దించుకునే వీలుంటే దించుకుని డ్రైవ్‌లోకి ఎక్కించండి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ నేను పెట్టలేదు.

కొన్ని సైట్లలో 'డ్రైవ్‌కి సేవ్ చేయి' అన్న మీట ఉంటుంది. నొక్కగానే గూగుల్ వారి కిటికీ ఒకటి వచ్చి, ఈ సైటుకి అనుమతి ఇస్తారా అని అడుగుతుంది. చదవకుండా సరే కొట్టేస్తాం కదూ? అక్కడ ఒక్క నిమిషం ఆగండి. 'ఈ సైటుతో వాడే ఫైళ్ళు మాత్రమే చూస్తుంది' అని ఉంటే మన అల్మైరాలో ఒక్క అర తాళం ఇచ్చినట్టు. 'మీ డ్రైవ్‌లోని ఫైళ్ళన్నీ చూస్తుంది, మారుస్తుంది, తీసేస్తుంది' అని ఉంటే ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టు. ఒక కథ దాచడానికి గుత్తి దేనికి? తొందరపడి ఇచ్చేసినా, గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో మన ఖాతాకి కలిపిన బయటి యాప్‌ల జాబితా ఉంటుంది. వెళ్ళి ఆ అనుమతి తీసేయొచ్చు.

కథ ఎవరికైనా చదవమని పంపేటప్పుడూ ఇదే జాగ్రత్త. లింకు పంపేచోట 'వ్యూయర్' అని పెడితే చదువుతారు. 'ఎడిటర్' అని పెడితే మీ వాక్యాలు వాళ్ళు మార్చేయగలరు. 'లింకు ఉన్నవారెవరైనా' అని పెడితే ఆ లింకు ఎన్ని చేతులు మారితే అన్ని చేతుల్లో మీ కథ తెరుచుకుంటుంది.

కాపీలా కనబడేది

ఇంత నేర్చుకున్నాక నేను ఇంకో పొరపాటు చేశాను. కంప్యూటర్లో కనిపిస్తున్న డ్రైవ్ ఫోల్డర్లోంచి నా ఫైళ్ళన్నీ ఒక పెన్ డ్రైవ్‌లోకి లాగి, పసుపు డబ్బా పక్కన పెట్టుకున్నాను. భలే పనిచేశానని గర్వం కూడా.

"అందులో ఏమీ లేదు పిన్నీ" అంది మా అక్క కూతురు. ఆ డాక్స్ ఫైళ్ళ పేరు చివర 'జీడాక్' అని ఉంటుంది. అది రాత కాదు, రాత ఉన్న చోటికి దారి చూపే చీటీ మాత్రమే. నెట్‌లోని అసలు పోతే చీటీ దేనికీ పనికిరాదు. నిజం కాపీ కావాలంటే కాగితం తెరిచి, ఫైల్ మెనూలో 'డౌన్‌లోడ్' నొక్కి, వర్డ్ ఫైలుగా దించుకోవాలి. పీడీఎఫ్ చదువుకోవడానికి బావుంటుంది. అందులోంచి తెలుగు తిరిగి కాపీ చేస్తే చాలాసార్లు ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడతాయి. కనక తర్వాత దిద్దుకోవాలనుకుంటే వర్డ్ ఫైలే మేలు.

పాత డి.టి.పి. రోజుల్లో అను ఫాంట్లలో కొట్టించిన కథలున్నవాళ్ళకి మరో మాట. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనబడతాయి. ఫైలు దాగినా రాత దాగనట్టే. యూనికోడ్‌లో 1991 నాటి మొదటి ప్రతి నుంచే తెలుగుకి చోటుంది. ఇవాళ ఏ ఫోన్‌లోనైనా తెరుచుకునేది ఆ తెలుగే. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్పించి, ఒత్తులు సరిచూసుకుని, అప్పుడు దాచండి.

ఇంకొకటి. ఫోన్లోనూ లాప్‌టాప్‌లోనూ ఒకే డ్రైవ్ కనబడుతుంటే రెండు కాపీలున్నాయనిపిస్తుంది. కాదు. ఒకచోట తీసేస్తే రెండోచోటా పోతుంది. రెండు కాపీలంటే ఒకదానికొకటి సంబంధం లేనివి. మబ్బులో ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి. మరీ ముఖ్యమైనదయితే కాగితం మీద అచ్చు వేయించి ఒకటి. 'అన్నీ ఒక్క పెట్టెలోనే పెట్టానే' అన్న మాట నాకు ఇక్కడే గుర్తొచ్చింది. అమ్మ ఆ మాట చెబుతుంటే టైపు చేశానేగానీ వినలేదన్నమాట.

ఎవరి పేరున ఉంది?

ఇదంతా యంత్రాల సంగతి. ఇక మన సంగతి.

మా వీధిలో ఒకావిడ ఇరవై ఏళ్ళుగా తను చేసే పచ్చళ్ళ కొలతలు, ఏ ఏడు ఏ కాయ ఎలా ఊరిందో గుర్తులతో సహా, టైపు చేయించి పెట్టుకున్నారు. కొడుకు ముచ్చటపడి తన కాలేజీ వాళ్ళిచ్చిన ఖాతాలో దాచిపెట్టాడు. అతని చదువయిపోయింది, కాలేజీ వాళ్ళు ఆ ఖాతా మూసేశారు. పచ్చళ్ళ పుస్తకం కూడా అందులోనే మూతపడింది. బడి ఇచ్చిన ఖాతా, ఆఫీసు ఇచ్చిన ఖాతా మనవి కావు. అక్కడ ఉన్నన్నాళ్ళే.

ఆవిడ మీద జాలిపడుతూ ఇంటికొచ్చి నా ఖాతా చూసుకున్నాను. పదేళ్ళ కిందట మావారు తెరిచిపెట్టింది. పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. మరిచిపోతే తిరిగి తెరిపించడానికి ఇచ్చిన నంబరు ఆయనదే, అదీ ఎప్పుడో పారేసిన సిమ్‌ది! అంటే రేపు నేను పాస్‌వర్డ్ మరిచిపోతే, నా కథల తలుపు తెరిచే సంకేతం ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫోనుకి వెళుతుంది. డిగ్రీ చదివాను, పత్రికల్లో నా పేరు చూసుకున్నాను. నా రాతల తాళం చెవి ఎక్కడుందో మాత్రం ఏనాడూ అడగలేదు. ఆయనా దాచిపెట్టాలని పెట్టలేదు. "నువ్వు అడగలేదుగా" అన్నారు. నిజమే.

ఆ సాయంత్రమే నంబరు మార్చుకున్నాను, పాస్‌వర్డ్ మార్చుకున్నాను. ఒక కాగితం మీద రాసి, నా నగల రసీదులున్న కవర్లో పెట్టాను. ఎక్కడ పెట్టానో మావారికి చెప్పాను. దాపరికం కోసం కాదు ఇదంతా. నా ఖాతా ఎవరి దయ మీదా ఆధారపడకుండా తెరుచుకోవాలని.

రెండేళ్ళు ఎవరూ తెరవని సొంత ఖాతాని తీసేసే హక్కు గూగుల్ వారు పెట్టుకున్నారు. 2023 డిసెంబరు నుంచి అలా తీసేయడం మొదలైంది. అంచేత ఎప్పుడో తెరిచిన పాత ఖాతాలో ఏవైనా ఉంటే ఒకసారి లోపలికి వెళ్ళి రండి. 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అనే ఏర్పాటు కూడా ఉంది. మనం ఫలానా అన్ని నెలలు ఖాతా తెరవకపోతే, మనం చెప్పిన మనిషికి కబురు పంపి, మనం అనుమతించినవి వాళ్ళకి చేరుస్తుంది. నేను మా అక్క కూతురి పేరు ఇచ్చాను. అది విని, "ఛ, అవేం మాటలు పిన్నీ" అని కసిరింది. నగలు ఎవరికని చెప్పుకోవడానికి మొహమాటపడని మనం రాతల గురించి చెప్పుకోవడానికి ఎందుకు మొహమాటపడాలి?

అమ్మ మళ్ళీ చెప్పింది

ఆ జూన్లో అమ్మని మళ్ళీ తీసుకొచ్చాను. జరిగింది చెప్పాలంటే భయమేసింది. చెప్పాను. కాసేపు ఊరుకుని, "నీ పెట్టె కూడా తడిసిందా?" అంది. అంతే. మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి, భాష తెలుగు పెట్టి, అమ్మ ముందుంచాను. ఆమె మాట ఇప్పుడు కాస్త ముద్దగా వస్తుంది. యంత్రం సగం తప్పులు రాస్తుంది. పక్కన కూర్చుని దిద్దుకుంటాను. అమ్మ గొంతు వేరే రికార్డు చేసి, ఆ ఫైలూ డ్రైవ్‌లో పెట్టాను. ఏ రోజు రాసింది ఆ రోజే వర్డ్ ఫైలుగా దించుతున్నాను.

మొదటిసారి చెప్పింది ఇది కాదు. అప్పుడు వరద నీటి రంగు చెప్పింది, ఇప్పుడు వాసన చెబుతోంది. అప్పుడు రాని ఒక మేనత్త ఇప్పుడు వచ్చింది. అప్పుడు నవ్వుతూ చెప్పినచోట ఇప్పుడు కళ్ళు తుడుచుకుంది. ఏది అసలు ప్రతి అంటే నేను చెప్పలేను.

పడవాయన పేరు మాత్రం రాలేదు. "ఉండు, నోట్లోనే ఉంది" అంటుంది. రాదు. నాకూ గుర్తు రావడం లేదు. రాసుకున్నాను కదా అనే ధీమాతో నేను గుర్తుపెట్టుకోలేదు. మా ఇద్దరి ప్రాణాలు... కాదు, నాతో కలిపి ముగ్గురి ప్రాణాలు గట్టుకి చేర్చిన మనిషి పేరు అది. ఆ ఊళ్ళో అడిగిద్దామంటే అప్పటివాళ్ళు ఎక్కువమంది లేరు. ఆ వాక్యంలో పేరు ఉండాల్సినచోట ఖాళీ వదిలాను. ఏ సెట్టింగూ దాన్ని పూరించలేదు.

మొన్న రాత్రి లాప్‌టాప్ మూయబోతుంటే అమ్మ అడిగింది, "ఇవాళ్టిది దాచావా?"

"దాచానమ్మా."

"ఎక్కడ?"

డ్రైవ్‌లో, నా పేరున ఉన్న ఖాతాలో, 'అమ్మ' అన్న ఫోల్డర్లో ఒకటి; పసుపు డబ్బా పక్కనున్న పెన్ డ్రైవ్‌లో ఒకటి; నెల తిరిగేసరికి అచ్చు కాగితం మీద ఒకటి అని వేళ్ళు మడిచి చెప్పాను. అమ్మకి ఎంత అర్థమయిందో తెలీదు. మూడు పెట్టెలని మాత్రం లెక్క కట్టి తల ఊపింది.

మీరూ ఏవో రాసుకుంటూనే ఉంటారు. కథలు కాకపోవచ్చు. అత్తగారు చెప్పిన వ్రతకథ, పాప మొదటి మాటలు, చీటీపాట లెక్కలు, ఎవరికీ చూపించని నాలుగు పంక్తులు. ఈ రాత్రి వంటిల్లు సర్దాక ఒక్క పది నిమిషాలు కూర్చుని చూసుకోండి.

అది ఎక్కడుంది? ఎవరి పేరున ఉంది?